ఉస్తాద్ ముక్కు

పోయిన వారం సారపాక బంకులో పెట్రోలు పోయించుకుంటున్నాను. టక్కున గన్ను ఆగింది. గన్ను పట్టుకున్న అమ్మాయి మీటరు వైపు చూసి, "రౌండ్ ఫిగర్ చేద్దునా అక్కా? ఇంకొంచెం పడ్తది," అంటూ మళ్లీ నొక్కబోయింది.

"నొక్కినవంటే ఆ గన్ను గుంజుకోని నీ నెత్తి మీద పోస్తా!" అన్నాను.

నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు. కానీ ఆ మాట మాత్రం నాది కాదు. వెనక ఆటోలో కూర్చున్న పెద్దమనిషి పగలబడి నవ్వాడు. "నువ్వు గూడ ఉస్తాద్ కాడ బండి జేపిచ్చుకున్నవా అమ్మా? నన్ను గూడ గిట్లనే తిట్టేటోడు." నేను అవ్ అన్నాను. ఆయన నవ్వు ఆపి, "పాపం, పోయిండు గదా. ఇరవై దినాలైతాంది," అన్నాడు.

నెల రోజులుగా ఇంటికి రాకుండా గోదావరి అవతల సంతలు తిరుగుతున్నదాన్ని, నాకు తెలియలేదు. ట్యాంకు మూత పెట్టకుండానే బండి తీశాను. ఆ అమ్మాయే "అక్కా, మూత! మూత!" అని వెనకాల ఉరికొచ్చింది.

ఉస్తాద్ పేరేంటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన షెడ్డుకు బోర్డు లేదు. అడిగితే, "బోర్డు జూసి వొచ్చేటోడు బేరం ఆడ్తడు, ఆగిపోయి వొచ్చేటోడు కాళ్లు మొక్కుతడు," అనేవాడు. బండితో "మీరు" అని మాట్లాడేవాడు, బండి ఓనరును "నువ్వు" అనేవాడు. మొదటిసారి నా ట్రక్కును చూసి ముందు దానికే సలాం పెట్టాడు. "ఏమైందమ్మా మీకు? ఈమె మిమ్మల్ని మంచిగ జూసుకుంటలేదా?" అని బానెట్ మీద చెయ్యి వేసి అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏం జేసినవ్ చెప్పు," అన్నాడు. నేనేదో హత్య చేసి వచ్చినట్టు! ఎవరొచ్చినా మూడు చాయలు చెప్పేవాడు. ఒకటి తనకు, ఒకటి వచ్చినవాళ్లకు, ఒకటి బండికి. బండి చాయను బానెట్ మీద పెట్టించి, కాసేపయ్యాక "వీళ్లు తాగరంట," అని తనే తాగేసేవాడు.

వీటన్నిటికంటే ఆయన ముక్కుకు పేరెక్కువ. రోడ్డు మీద లారీ పోతుంటే కూర్చున్న చోట నుంచే "క్లచ్ కాలుతాంది," అని అరిచేవాడట. పెట్రోల్లో కిరసనాయిలు కలిసిందేమోనని అనుమానం వస్తే పాల్వంచ నుంచి కూడా సీసాలు పట్టుకొచ్చి ఆయన ముక్కు కింద పెట్టేవాళ్లట. "అట" అని ఎందుకంటున్నానంటే, నేను ఆయన్ను ఎరిగే నాటికి ఆ ముక్కు పనిచేయడం మానేసి రెండేళ్లయింది. కరోనా వచ్చి, తగ్గి, పోతూ పోతూ ముక్కును కూడా వెంట తీసుకుపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని ఆయన పడ్డ పాట్లు, అందులో నేను దొంగకు తోడుదొంగనైన తీరు, అదీ చెప్పాల్సిన కథ.

నా బండి పాత పెట్రోలు ట్రక్కు, చిన్నది. ఖమ్మంలో సెకండ్ హ్యాండులో కొన్నాను. దుమ్ముగూడెం, చర్ల వైపు సంతల్లో చీరలు, లుంగీలు, చిన్నపిల్లల గౌన్లు అమ్ముతాను. మా ఆడబిడ్డ ఎండుచేపలు అమ్ముతుంది. ఎండుచేపలు వెనక వేస్తే చీరలు కంపు కొడతాయి కాబట్టి బట్టలు వెనక, చేపల బుట్టలు ముందు మా కాళ్ల దగ్గర. అలవాటైపోయింది. కానీ ఉన్నట్టుండి చీరలు పెట్రోలు వాసన కొట్టడం మొదలైంది. సంతకొచ్చిన ఆడవాళ్లు కొంగు అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం అదోలా పెట్టి పక్క దుకాణానికి పోతుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

తర్వాత కొన్నాళ్లకు వాసన తగ్గింది. హమ్మయ్య అనుకుంటే, బండి ఆగడం మొదలుపెట్టింది. అదీ ఒకే చోట. అడవి దారిలో గుట్ట మలుపులో ముత్యాలమ్మ గద్దె ఉంది. సరిగ్గా దాని ముందర దగ్గి దగ్గి ఆగిపోయేది. మా ఆడబిడ్డ ఇంకేమంటుంది? "వదినా, అమ్మకు చెప్పకుండ పోతున్నం. కోపమొచ్చింది," అంది. దిగి కొబ్బరికాయ కొట్టింది. బండి స్టార్టయింది! ప్రతి సంతకూ అదే వరస. బండి ఆగడం, కాయ కొట్టడం, కదలడం. ఖమ్మంలో ఒక షెడ్డువాళ్లు కంప్యూటర్ పెట్టి చూసి, పెట్రోలు ఆవిరి పోయే లైనులో లోపం అన్నారు. పాత మోడల్‌కు సామాను దొరకదు, బండి అమ్మేయమన్నారు. అమ్మేసి నేను నెత్తిన మూట పెట్టుకుని తిరగాలా? అట్లా మండిపడుతూ ఉస్తాద్ దగ్గరికి వచ్చాను.

ఆయన బానెట్ ఎత్తలేదు. బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని, "ఆగినంక మీరిద్దరు ఏం జేస్తరు? ఒక్కటి మర్వకుండ చెప్పు," అన్నాడు.

"దిగుతం. ఈమె కొబ్బరికాయ కొడ్తది."

"నువ్వో?"

"మీటర్ పని చెయ్యది గదా. పెట్రోల్ ఉన్నదా లేదా అని మూత తీసి సూస్త."

"తర్వాత?"

"మూత పెట్టి సెల్ఫ్ కొడ్తె స్టార్ట్ అయితది."

ఉస్తాద్ చాయ గ్లాసు కింద పెట్టాడు. "కొబ్బరికాయ ముందా, మూత ముందా?"

నేనూ మా ఆడబిడ్డా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఈ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. "కాయే ముందు," అంది మా ఆడబిడ్డ రోషంగా. "అమ్మ కంటె మూత ముందా?"

"అమ్మవారి మీద నేను మాట్లాడ బిడ్డా. మూత మీద మాట్లాడ్త. ఈసారి కాయ కొట్టున్రి. మూత జోలికి మాత్రం పోకున్రి. ఏమైతదో నాకొచ్చి చెప్పున్రి." అంతే. బండి చాయ తాగేసి లేచిపోయాడు.

ఆ సంతకు పోతుంటే బండి మామూలుగానే గుట్ట మలుపులో ఆగింది. మా ఆడబిడ్డ కాయ కొట్టింది. సెల్ఫ్ కొట్టాను, కదల్లేదు. రెండో కాయ కొట్టింది. ఊహూఁ. సంతలో కొట్టుకుని తిందామని తెచ్చుకున్న మూడో కాయ కూడా అమ్మకే పోయింది. అప్పుడు నేను వెళ్లి మూత తిప్పాను. హుస్స్‌మని ట్యాంకు ఇంత గాలి పీల్చుకుంది. సెల్ఫ్ కొట్టగానే బండి బుద్ధిగా స్టార్టయింది. చర్ల చేరేదాకా మా ఆడబిడ్డ నాతో మాట్లాడలేదు. ఆ మూత నేనే కావాలని కుట్ర పన్ని తీసినట్టు మొహం పెట్టుకుని కూర్చుంది.

సంత నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. క్యాబిన్ కురిసి చేపల బుట్ట ఒకటి నానిపోయింది. మర్నాడు ఎండలో అట్లాగే బండి ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఏం చెప్పమంటారు ఆ కంపు! రోడ్డవతల పాన్ డబ్బా అతను తువ్వాలు మూతికి కట్టుకున్నాడు. నేను తల బయట పెట్టి నడుపుకుంటూ వచ్చాను.

జరిగిందంతా విని ఉస్తాద్ మురిసిపోయాడు. "ముత్యాలమ్మకు నా తరఫున ఇంకో కాయ కొట్టు. పాపం, రెండు నెలల సంది నా గిరాకీని ఆమె సంబాళించుకుంట వస్తాంది," అన్నాడు. తర్వాత పేరున్న పనివాడిలా తల క్యాబిన్‌లోకి పెట్టి, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు. పాన్ డబ్బా అతను అది చూసి వణికిపోయాడు.

"పెట్రోలే," అన్నాడు ఉస్తాద్. "సాఫ్ పెట్రోల్ వాసన."

"ఇంకేం వస్తలేదా ఉస్తాద్?"

"ఇంకేం లేదు."

"మంచిగ సూడు."

"నాకు చెప్తవా బిడ్డా? నలభై ఏండ్ల ముక్కు ఇది!"

"నీ గడ్డం కింద ఏమున్నదో సూడు."

కళ్లు తెరిచి కిందికి చూశాడు. తడిసిన గోనెపట్టా, దాని కింద బుట్ట. ఒక చేపను తోక పట్టి ఎత్తాడు. "కుళ్లినయా?" అన్నాడు మెల్లగా. నా నోటికి అంత తేలిగ్గా మాట ఆగదు. ఆ రోజు ఆగింది. ఊఁ అన్నాను.

నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయి అంతా చెప్పాడు. ముక్కు పోయిందని తెలిస్తే గిరాకీ పోతుందని భయపడుతున్నాడేమో అనుకున్నాను. చెయ్యి అడ్డంగా ఊపాడు. "షెడ్డు బోతె పోనీ. బండ్లను చెవితోని, చేతితోని జేస్త. మా ఇంటామెకు తెల్వొద్దు. అంతే."

పెళ్లయిన కొత్తలో మొదలైన ఆట అట. మధ్యాహ్నం ఇంటికి పోగానే గేటు దగ్గర నిలబడి వాసన చూసి, లోపల ఏం కూరో చెప్పాలి. సరిగ్గా చెబితే ఆమె వచ్చి గేటు తీస్తుంది. తప్పు చెబితే తనే తీసుకోవాలి. "ఇన్నేండ్లల్ల నేను గేటు ముట్టలే బిడ్డా," అన్నాడు. అదేదో పద్మశ్రీ వచ్చినట్టు చెప్పాడు. "మాకు పిల్లల్లేరు. ఇంట్ల మాట్లాడుకోనీకి మాకున్నది గా ఆట ఒక్కటే. ముక్కు పోయిందంటె ఆమె నా ముంగట నవ్వుతది, వెనకకు పోయి ఏడుస్తది. ఏడిపిచ్చలేను."

రెండేళ్లుగా ఎట్లా నెట్టుకొస్తున్నాడో కూడా చెప్పాడు. గేటు పక్కన పారబోసిన తొక్కలు చూసి సొరకాయో బీరకాయో పట్టేవాడు. కోడి ఈకలుంటే కోడి. ఏమీ లేకపోతే పప్పు. "అల్లా మెహర్బానీ, ఇంతవరకు తప్పలే. కని భయమైతాంది." మా ఇల్లు వాళ్ల గల్లీ చివరనే అని తెలియగానే ఆయన కళ్లు మెరిశాయి. అప్పటికప్పుడు ఒప్పందం కుదిరింది. సంత లేని రోజుల్లో నేను వాళ్లింటి ముందు నుంచి పోతూ వాసన చూసి ఫోనుకు రింగు ఇవ్వాలి. ఒక రింగు చేప, రెండు రింగులు మాంసం, మూడు రింగులు ఆకుకూర. ఎత్తడు. లెక్కపెట్టుకుంటాడు.

"ఇగ నీ బండి," అని లేచాడు. "నీ ముక్కు గీ పూటకు నాకు కిరాయికియ్యి."

చేపల బుట్ట దూరంగా పెట్టించాడు. నన్ను బండి కిందికి దూర్చి, ఒక్కో గొట్టం దగ్గర వాసన చూడమన్నాడు. ట్యాంకు దగ్గర? లేదు. పంపు దగ్గర? లేదు. నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది, దాని దగ్గర? అబ్బో, తల తిరిగింది. "అది బొగ్గుడబ్బా," అన్నాడు. ట్యాంకులో ఎండకు లేచే పెట్రోలు ఆవిరిని ఆ డబ్బాలోని బొగ్గు పట్టి ఉంచుతుందట. బండి నడిచేటప్పుడు ఇంజను దాన్ని పీల్చుకుని కాల్చేస్తుందట. ఆ డబ్బాకు బయటి గాలి రావడానికి ఒక గొట్టం ఉంటుందట. దాన్నీ, మిగతా గొట్టాలనూ ఊడదీసి బండికి దూరంగా గోడ పక్కకు తెచ్చాడు. ఒక రేకు డబ్బాలో నిప్పు వేసి సాంబ్రాణి చల్లాడు. నిప్పురవ్వ దాటకుండా, పొగ నీళ్లలోంచి వచ్చేలా మధ్యలో నీళ్ల సీసా పెట్టాడు. సైకిలు పంపుతో పొగను ఒక్కో గొట్టంలోకి కొట్టాడు.

"నోటితోని ఊదితె తెల్వదా ఉస్తాద్?"

"నాకు తెలుస్తది. నీకు తెల్వొద్దా? నువ్వు నా మాట నమ్ముతవా, పొగ మాట నమ్ముతవా?"

మొదటి గొట్టంలో పొగ ఇటు పోయి అటు వచ్చింది, పగులు లేదు. రెండోదీ అంతే. మూడోది గాలి గొట్టం. పొగ పోయింది గానీ అటు చివర రాలేదు. సీసాలో నీళ్లు బుడబుడమని వెనక్కి తన్నాయి. ఉస్తాద్ వేలు పెట్టి కెలికి, పచ్చగా, మెత్తగా ఉన్న ముద్దను బయటికి లాగాడు. వేళ్ల మధ్య నలిపాడు. "కంపెనీ వాడు గిది పెట్టలే. తేనెపట్టు మైనం," అన్నాడు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. వాసన ఎక్కువైన రోజుల్లో బండి కింద వెతికితే నోరు తెరుచుకుని ఉన్న గొట్టం కనిపించింది. దీని బిరడా ఎక్కడో ఊడిపోయింది, పెట్రోలంతా ఇందులోంచే ఆవిరైపోతోంది అనుకున్నాను. సంతలో నా పక్కన తేనె అమ్మే తాతకు చెబితే, సొరకాయ బుర్రకు చిల్లు పడితే మేం ఇదే పెడతాం అని ఇంత మైనం ఇచ్చాడు. నేను నా చేతులతో గట్టిగా కూరాను. వాసన తగ్గింది గదా! ఆ సంగతి శుభ్రంగా మరిచిపోయాను.

ఉస్తాద్ నేల మీద చతికిలబడి నవ్వాడు. "ముక్కు లేని మనిషిని నేను. నువ్వేమో ముక్కులు మూసే మనిషివి! బండికి ఊపిరి బంద్ జేసి ముత్యాలమ్మ మీదికి నెడ్తవా?" గాలి రాక, ఇంజను పీలుస్తుంటే పీలుస్తుంటే ట్యాంకే బిగుసుకుపోయిందట. మూతలో గాలి పీల్చే చిన్న వాల్వు ఉంటుంది గానీ అది ఎప్పుడో పట్టేసిందట. అందుకే అన్ని మైళ్లు పోయాక పెట్రోలు అందక ఆగిపోయేది. మూత తీస్తే గాలి దొరికేది. అసలు మొదట వాసన ఎందుకొచ్చిందంటే, బంకులో గన్ను ఆగినా మళ్లీ మళ్లీ నొక్కించి గొంతు దాకా పోయించుకోవడం వల్ల. పెట్రోలు పొంగి బొగ్గులోకి పోయింది. డబ్బాను నాలుగు రోజులు గాలికి వేలాడదీసి, కొత్త మూత తెచ్చి బిగించాడు. బండి అప్పగిస్తూ వేలు చూపించాడు. "గన్ను టక్కుమన్నంక ఇంకో చుక్క పోపిచ్చినవంటే గుంజుకోని నీ నెత్తి మీద పోస్త. నీ మైనం నా కడుపుల, నా ముక్కు నీ కడుపుల. సమజైందా?"

అప్పటినుంచి మా ఆడబిడ్డ గుట్ట మలుపులో బండి ఆపించి కాయ కొడుతూనే ఉంది. నేను రింగులు ఇస్తూనే ఉన్నాను. ఒకసారి ఇద్దరు లారీ ఓనర్లు సీసాలు తెచ్చి ఆయన ముక్కు కింద పెడితే, ఉస్తాద్ విసిగిపోయి నిజం చెప్పేశాడు. "నాకు వాసన రాదు. ముక్కు పోయింది." షెడ్డంతా గొల్లున నవ్వింది. "ఏం పరాచికాలు ఉస్తాద్!" అని వీపు మీద చరిచారు. ఆయన సీసాలోంచి రెండు చుక్కలు అరచేతిలో పోసుకుని, జిడ్డు మిగలకుండా ఆరిపోవడం చూసి, "సాఫ్," అన్నాడు. వాళ్లు పోయాక నాతో, "చెప్పిన గదా బిడ్డా, నమ్మకపోతె నేనేం జెయ్యాలె?" అన్నాడు. కాస్త దిగులుగా అన్నాడు.

బంకు నుంచి నేరుగా వాళ్లింటికే పోయాను. ఉస్తాద్ భార్య, నేను ఖాలా అని పిలిచే పిన్నమ్మ, వరండాలో ఒక్కతే కూర్చుని ఉంది. గేటు నేనే తీసుకుని లోపలికి వెళ్లాను. ఆయనకు మాట ఇచ్చి ఉన్నాను. ఆమెకు ఇప్పుడు చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే అనిపించింది.

ఆమే అడిగింది. "రింగులిచ్చే బేటీవి నువ్వే గదా?"

నేను తల ఊపి మెట్టు మీద కూర్చున్నాను.

"ఒకటి చేప, రెండు మాంసం," అంది. "మూడు నాలుగుసార్లు ఫోన్ ఇంట్ల మర్సిపోయిండు, కూరకో లెక్కన మోగింది. ఒక దినం నేను గోంగూర పొయ్యి మీద పెట్టిన, మూడుసార్లు మోగి ఆగింది. ఎవరో పాపం నా మొగనికి కష్టపడ్తున్నరు అనుకున్న. కిటికీలకెళ్లి సూస్తె ఫోన్ పట్టుకోని నువ్వు పోతున్నవ్."

"అంటె... నీకు అప్పుడు తెల్సిందా ఖాలా?"

"ఎప్పుడో తెల్సు బేటీ. జరమొచ్చి తగ్గిన వారానికే. పప్పు మాడబెట్టిన, గేటు కాడ నిలబడి చికెన్ అన్నడు. మాడిన వాసన గల్లీ అంతా ఉన్నది! నేను పోయి గేటు తీసిన. ఇగ ఆ తెల్లారి సంది తొక్కలన్ని గేటు కాడనే పోసుడు మొదలుపెట్టిన. కోడిని కోస్తె ఈకలు ఏరుకొచ్చి మరీ అక్కడ ఏసేదాన్ని. మున్సిపల్ వాళ్లు నన్ను రోజు తిట్టేటోళ్లు."

"మరి ఒక్కసారన్న చెప్పలేదా ఆయనకు?"

"ఎట్ల చెప్త? ఆయన నన్ను ఏడిపిచ్చొద్దనుకునె, నేను ఆయనను ఓడగొట్టొద్దనుకుంటి." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆఖరుకు దవాఖానాల పడ్డడు. ఆడ తొక్కల్లేవు, ఈకల్లేవు, నీ రింగుల్లేవు. నేను డబ్బా తీస్కపోయిన. మూత తియ్యకముందే కండ్లు మూసుకోని, గట్టిగ గాలి పీల్చి, గోంగూర మాంసం అన్నడు. డాక్టర్ జావ తప్ప ఏం ఇయ్యొద్దన్నడు బేటీ. అండ్ల ఉన్నది జావ."

"నువ్వేమన్నవ్?"

"కరెక్టే అన్న. మూత తీసిన. జావ దిక్కు సూసిండు, నా దిక్కు సూసిండు. సూసి, కన్ను కొట్టిండు! గా వయసుల! పక్క మంచం మీదామె సూసింది, నాకు సిగ్గైపోయింది. మాంసం మస్తుగ ఉడికింది అనుకుంట, డబ్బా మొత్తం తాగిండు."

చెబుతూ చెబుతూ ఖాలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏడుపు ఆపుకోలేకపోయింది నేనే. ఆమే లేచి నాకు చాయ పెట్టడానికి లోపలికి వెళ్లింది.